నాచారం మీద మూత

తెలంగాణ రావడానికి కొన్నేళ్ల ముందు, నాచారంలో ఒక రంగుల ఫ్యాక్టరీలో బాయిలర్ దగ్గర పనిచేసేవాణ్ణి. తెల్లవారుతుండగా కట్టెలు వేసి మంట రాజేయడం నా పని. ఫ్యాక్టరీ వెనక బస్తీలోనే మా ఇల్లు. బావ పోయాక మా అక్క జనగామ నుంచి వచ్చి నా దగ్గరే ఉండేది. ఆమెకు ఆయాసం.

వేసవిలో పరవాలేదు. చలికాలం పొద్దున మాత్రం చిమ్నీ పొగ కొంచెం లేచి, అక్కడే అడ్డంగా పరుచుకుని, బస్తీ మీదికి దిగేది. అక్క మంచం మీద ముందుకు వంగి కూర్చుని ఊపిరి కోసం పెనుగులాడేది.

మా వీధిలో ఉండే రిటైరైన ఇంజనీరుగారిని అడిగాను. "రాత్రికి నేల చల్లబడుతుంది బాబూ. నేలనంటిన గాలీ చల్లబడుతుంది. పైన గాలి వెచ్చగా ఉండి మూత పెట్టినట్టు ఆపేస్తుంది. ఎండెక్కితేగానీ పొగ పైకి పోదు" అన్నారు.

ఎండెక్కాక రాజేస్తే చాలన్నమాట! ఆశతో సూపర్‌వైజర్ దగ్గరికి వెళ్లాను.

"సార్, చలి తగ్గేదాక తొమ్మిదింటికి రాజేద్దాం. మా అక్కకు దమ్ము ఆడ్తలేదు."

"ఏంది, మీ అక్క కోసం షిఫ్టు ఆపాల్నా? చేస్తే చెయ్యి. గేటు బయట మస్తు మంది ఉన్నరు."

పని మానేస్తానంటే అక్కే ఒప్పుకోలేదు. "నువ్వు మానేస్తే ఇంకోడు రాజేస్తడు తమ్మీ. పొగ ఆగుతదా?" అంది.

సంక్రాంతి దాటిన వారానికి, పక్కింటామె బాయిలర్ దగ్గరికి పరుగెత్తుకొచ్చింది. "అన్నా, జల్ది రా! అక్క మాట్లాడ్తలేదు."

ఆటోలో దవాఖానాకు బయలుదేరాం. దిగిన పొగలో ఎదురుగా ఏమీ కనిపించక ఆటో మెల్లగా పోయింది. లాలాపేట్ చేరకముందే నా చేతిని పట్టుకున్న అక్క వేళ్లు వదులయ్యాయి. నా చేతులకింకా కట్టెల మసి ఉంది. ఆమె చీరకు అంటింది.

దినాలయ్యాక మళ్లీ డ్యూటీకి వెళ్లాను. ఎవరూ బలవంతం చేయలేదు. నేనే వెళ్లాను, నేనే రాజేశాను.

మరుసటి చలికాలం పక్కింటామె తన బిడ్డను చంకనేసుకుని వచ్చింది. పిల్ల ఛాతీ ఎగిసెగిసి పడుతోంది.

"అన్నా, అక్కకు ఏం మందు వాడినవు?"

మందు పేరు చెప్పాను. అది పనిచేయలేదని చెప్పలేకపోయాను.