ఏడో నంబరు రైఫిల్‌కు సూది

అరవై తొమ్మిది, మే నెల. మధ్యాహ్నం రెండు గంటలకు మా లారీ దిల్‌సుఖ్‌నగర్ దాటింది. నగరం అక్కడికే అయిపోయేది. ఆ తరువాత విజయవాడ రోడ్డు, రెండు వైపులా ద్రాక్షతోటలు, గట్ల మీద తాటిచెట్లు, ఎర్రటి దుమ్ము. ఇప్పుడు ఎల్బీనగర్ అంటున్న చోట ఒక రేకుల షెడ్డులో బందోబస్తుకు దిగాం. పది మందిమి. పది త్రీ నాట్ త్రీ రైఫిళ్లు. మనిషికి ఇరవై తూటాలు, ఒక లాఠీ, ఒక నీళ్ల సీసా. ఇనుప టోపీలో తల ఉడికిపోయేది.

అక్కడ శత్రువు ఎవరని మా ఇంట్లోవాళ్లు ఇప్పటికీ అడుగుతారు. కాలేజీ పిల్లలు, బస్సుల్లేక నడిచిపోయే గుమాస్తాలు. జై తెలంగాణ అని అరిచేవారు, రాళ్లు వేసేవారు, పోయేవారు. నాదీ నల్లగొండ జిల్లానే. వాళ్లు తిట్టే తిట్లు నాకు ముక్కముక్కా అర్థమయ్యేవి. ఆ డ్యూటీ అంటే మొదటిరోజు నుంచే నాకు రోత.

నేను నాయక్‌ని. ఆయుధాల మరమ్మతు నా పని. వచ్చిన మర్నాడే రైఫిళ్లు విప్పి చూశాను. ఏడో నంబరుది ఫైరింగ్ పిన్ మొన విరిగి ఉంది. తూటాను వెనక నుంచి పొడిచే సూది అది. అది లేకపోతే రైఫిల్ దుడ్డుకర్రతో సమానం. కొత్త సూది కావాలని డిపోకు రాశాను. వారం తరువాత ఒక పెట్టె వచ్చింది. తెరిస్తే తుపాకీ తుడిచే గుడ్డలు. మళ్లీ రాశాను. ఈసారి బూట్ల లేసులు. చదివి పంపుతారో, చేతికందింది విసిరేస్తారో ఆ దేవుడికే తెలియాలి.

ఆ రైఫిల్ మా లాన్స్ నాయక్‌ది. కాకినాడ వైపు మనిషి. అతను మాత్రం మహా సంతోషంగా ఉన్నాడు.

"గురువుగారూ, దీన్ని ఇలాగే ఉంచేద్దురూ. ఇది పేలకపోతేనే నాకు సుఖంగా నిద్ర పడుతుందండీ."

నాకూ అదే మేలనిపించింది. అంతలో శుక్రవారం పెద్ద అధికారి తనిఖీకి వస్తున్నాడని కబురు. సుబేదార్ నన్ను పిలిచాడు.

"పదికి పది మంచిగ కనపడాలె. యాడికెల్లి తెస్తవో నాకు తెల్వది."

"డిపో పంపకపోతే నేనేం జెయ్యాలె సాబ్?"

"పో, చేయించుకరా. గంత గూడ చాతగాదా?"

పైన పటారం, లోన లొటారం. షెడ్డులో తాగడానికి మంచినీళ్లకు దిక్కు లేదు, తుపాకులు మాత్రం తళతళలాడాలి.

కర్మన్‌ఘాట్‌లో ఒక ముసలి మిస్త్రీ ఉన్నాడని తోటల కావలివాళ్లు చెప్పారు. ద్రాక్షగుత్తుల మీద వాలే పిట్టలను బెదరగొట్టడానికి వాళ్ల దగ్గర పాత నాటు తుపాకులుండేవి. వాటిని బాగుచేసేది ఆయనే. గురువారం పొద్దున సైకిల్ మీద పోయాను. ఆయన విరిగిన సూదిని కంటి దగ్గర పెట్టుకుని చూశాడు. తొమ్మిదికి ఆకురాయి పట్టుకుని కూర్చుంటే మూడింటికి లేచాడు. డిపోకు మూడు వారాల్లో చేతకానిది ఆ ముసలాయన ఆరు గంటల్లో చేశాడు.

కానీ నా చేతికివ్వలేదు.

"ముందుగాల దాగలి మీద చెయ్యి పెట్టు బిడ్డా," అన్నాడు, ఇనుము కొట్టే దిమ్మ చూపిస్తూ.

"ఎందుకు పెద్దయ్యా?"

"నా కాడ తుపాకి పని చేయించుకున్నోడు ఎవడైనా గంతే. మనిషి దిక్కు లేపనని ఒట్టు పెట్టాలె. తోటోళ్లు అందరు పెట్టిన్రు."

"ఇది తనిఖీకే. చూపిస్తం, లోపల పెడ్తం."

"మరి ఒట్టు పెట్టనీకి నీకేం పోయింది?"

చెయ్యి పెట్టాను. ఈ రైఫిల్ మనిషి దిక్కు లేవదని ఒట్టేశాను. అది నా చేతిలో లేని సంగతని తెలిసే వేశాను. నాకు ఆ సూది కావాలి, అంతే.

శుక్రవారం అధికారి వచ్చాడు. జీపు దిగకుండానే మా వరస చూసి, బాగుందని తలూపి వెళ్లిపోయాడు. ఒక్క బోల్టు విప్పమనలేదు. ఇందుకా నేను ఒట్లేసింది! సూది తీసేయమని లాన్స్ నాయక్ ఆ సాయంత్రమే బతిమాలాడు. రేపు చూద్దాంలే అన్నాను. బద్ధకం, ఇంకేం లేదు.

మర్నాడు సాయంత్రం అయిదున్నరకు కొత్తపేట వైపు నుంచి గుంపు వచ్చింది. రెండు వందల మంది ఉంటారు. ఒక రాయి వచ్చి వైర్‌లెస్ సెట్ పక్కన పడింది. ఏం చేయమంటారని సుబేదార్ సెట్‌లో అడిగాడు. గరగరల మధ్య జవాబు వచ్చింది.

"ఒక్క రౌండ్. గాలిలోకి. మనుషుల మీద కాదు. ఓవర్."

సుబేదార్ తన పక్కన నిలబడ్డవాడి భుజం తట్టాడు. వాడు లాన్స్ నాయక్.

అతను ఒక్కసారి నా వైపు చూశాడు. తరువాత రైఫిల్ పైకెత్తి కాల్చాడు. మిస్త్రీ సూది చక్కగా పనిచేసింది. గుంపు పరుగెత్తింది. సుబేదార్ గడియారం చూసి పుస్తకంలో రాసుకున్నాడు: అయిదూ నలభై, గాలిలోకి ఒక రౌండ్, ఎవరికీ దెబ్బలు లేవు.

అప్పుడే గట్టు వైపు నుంచి ఒక ఆడమనిషి అరుపు వినిపించింది.

నేను తెలంగాణ పల్లెలో పుట్టినవాణ్ణి. ఎండాకాలం సాయంత్రం ఆ వేళకు తాటిచెట్ల మీద ఎవరుంటారో నాకు తెలియదా? కల్లు గీసేవాళ్లుంటారు. సుబేదార్‌కూ తెలుసు. రోజూ ఆ కల్లు తెప్పించుకుని తాగినవాడే. గాలి అంటే ఎవరూ లేని చోటనుకున్నాం అందరం.

"మనం మనిషి మీద కాల్చలే గద," అన్నాడు సుబేదార్, చెట్టు కింద నిలబడి. నా ఒట్టు కూడా ఆ లెక్కన తప్పలేదు. అతని మీద ఎంత అసహ్యం వేసిందో నా మీద నాకూ అంతే వేసింది. పుస్తకంలో రాసింది అతను కొట్టేయలేదు. నేనూ కొట్టేయమనలేదు.

జూలైలో సెలవిచ్చారు. బస్సు కర్మన్‌ఘాట్ దారి దాటుతుంటే మొహం పక్కకు తిప్పుకున్నాను. మిస్త్రీ దగ్గరికి పోయే ముఖం నాకు లేదు. లాన్స్ నాయక్ మళ్లీ నన్ను గురువుగారూ అనలేదు. ఇంటికి చేరాక, ఎంతమందిని కాపాడావురా అని మా అన్న నవ్వుతూ అడిగాడు. లేచి బయటికి పోయాను.

ఇన్నేళ్లయినా ఒకటి కళ్ల ముందు నుంచి పోదు. తూటా తగిలిన ఆ కల్లు గీసేవాడు కింద పడలేదు. చెట్టెక్కేందుకు నడుముకు వేసుకున్న మోకు అతన్ని పైనే పట్టి ఉంచింది. తల వెనక్కి వాలి, చేతులు రెండూ వేలాడుతున్నాయి. కింద అతని భార్య నిలబడి ఉంది. పడితే పట్టుకుందామని రెండు చేతులూ పైకి చాచింది. చేతులు దించమని ఎంత చెప్పినా ఆమె దించలేదు.