పెన్సిల్ మాస్టారి క్వార్టెట్

మనిషి పెన్సిలును ఎప్పుడు కనిపెట్టాడో పుస్తకాల్లో ఉంది. దాన్ని చెక్కే విద్య పరిపూర్ణత పొందిన రోజు మాత్రం ఏ చరిత్రకారుడి దృష్టికీ రాలేదు. ఆ లోటు ఇక్కడ తీరుస్తున్నాం. అది తొమ్మిదేళ్ళ క్రితం ఒక సోమవారం, ఒక సంగీత కళాశాల పదకొండో నంబరు గదిలో, ఉదయం తొమ్మిదికి పది నిమిషాల ముందు జరిగింది. ఆ ఘడియలో వయోలా నేర్పే మాస్టారు షార్ప్‌నర్‌ను శాశ్వతంగా త్యజించి బ్లేడు చేపట్టారు.

అప్పటినుంచి ఆ క్రతువు ఒక్క రోజూ తప్పలేదు. చెత్తబుట్ట మోకాళ్ళ మధ్య పెట్టుకోవడం, మెత్తటి ములుకున్న పెన్సిలు తీయడం, దాని ఆరు పలకలకూ ఆరే ఆరు కోతలు పెట్టడం. ఏడో కోత అవసరమైన రోజున పాఠం కాస్త కరుగ్గా సాగుతుందని విద్యార్థులకు అనుభవం మీద తెలుసు. వాళ్ళు ఆయనకు పెన్సిల్ మాస్టారని పేరు పెట్టారు. ఆ సంగతి ఆయనకూ తెలుసు. దాన్నొక బిరుదుగానే స్వీకరించారు.

పెన్సిలుకు ఇంత వైభవం ఊరికే రాలేదు. ఆ కళాశాలలో క్వార్టెట్లకు శిక్షణ ఆయనదే. రెండు వయొలిన్లు, వాటికంటే కాస్త పెద్దదై గొంతు కాస్త బొంగురుపోయిన వయోలా, మోకాళ్ళ మధ్య నిలబెట్టి వాయించే సెల్లో, ఈ నాలుగూ కలిస్తే క్వార్టెట్. చిన్న గదికి సరిపోయే సంగీతం. ముందు నిలబడి చెయ్యి ఊపేవాడెవడూ ఉండడు. నలుగురూ ఒకరినొకరు విని సర్దుకుపోవాలి. కాపురం లాంటిదే, కాకపోతే మధ్యలో లేచి వెళ్ళిపోవడానికి వీల్లేదు.

ఆ సర్దుబాటంతా మాస్టారు ముందుగానే కాగితం మీద చేసిపెట్టేవారు. విద్యార్థుల స్వరపత్రాల్లో అచ్చు కంటే పెన్సిలే ఎక్కువ కనిపించేది. ‘ఇక్కడ ఊపిరి’, ‘ఇక్కడ మొదటి వయొలిన్ వైపు చూడు’, ‘ఇక్కడ విషాదం’, ‘ఇక్కడ కోపం, కానీ మర్యాదగా’. తొమ్మిదేళ్ళలో తొమ్మిది క్వార్టెట్లు ఆ గుర్తుల వెంట క్షేమంగా గమ్యం చేరాయి. చివరి సంవత్సరంలోకి అడుగుపెట్టే ముందు ప్రతి క్వార్టెట్టూ తమ శిక్షకుణ్ణి ఎంచుకుని ఒక ఫారం మీద పేరు రాసివ్వాలి. తొమ్మిదిసార్లూ ఆయన పేరే వచ్చింది. వేరే పేరు రాయడానికి వేరే మనిషి లేరన్న విషయం ఆయన ఎప్పుడూ పట్టించుకోలేదు.

పదో ఏట వేరే మనిషి వచ్చింది.

కొత్త మేడమ్‌కు అరవై దాటాయి. దేశదేశాలు తిరిగి క్వార్టెట్లలో వాయించి, ఇక చాలనుకుని పాఠాలు చెప్పడానికి వచ్చింది. ఆ సంవత్సరం ఉన్న క్వార్టెట్టు ఒక్కటే. దానికి వారంలో ఒక రోజు మాస్టారు, ఒక రోజు మేడమ్ పాఠం చెప్పాలని, ఏడాది చివర పిల్లలే ఎవరు కావాలో తేల్చుకోవాలని ప్రిన్సిపాల్ నిర్ణయించాడు. మాస్టారు చాలా సంతోషమని చెప్పి, తన గదికి వెళ్ళి ఏడో కోత పెట్టారు.

మూడో వారం స్టాండ్ల మీది కాగితాలు చూసి ఆయనకు గుండె ఆగినంత పనైంది. నాలుగు పత్రాలూ తెల్లగా, కడిగిన పలకల్లా ఉన్నాయి. మొదటి వయొలిన్ వాయించే అమ్మాయిని క్లాసంతా మహారాణి అంటుంది. ఆమె ఒళ్ళో ఇంకా రబ్బరు పొట్టు రాలి ఉంది.

“మేడమ్ చెరిపెయ్యమన్నారు సార్,” అంది మహారాణి. “కాగితం మీద అన్నీ రాసుంటే చెవులకి పనుండదంట.” మాస్టారి మొహం చూసి, ఓదార్పుగా ఇంకో మాట కలిపింది. “మీవనే కాదు సార్. ఆవిడ తనవి కూడా రాసుకోనివ్వరు.”

ఆ ఓదార్పు ఆయనకు నిప్పు మీద నెయ్యిలా పనిచేసింది. తనవి చెరిపి ఆమెవి రాసుకుని ఉంటే అది పోటీ. ఏమీ రాసుకోకపోవడం అవమానం.

ఆ రోజునుంచి మాస్టారు మేడమ్ మీద పరిశోధన మొదలుపెట్టారు. ఆమె క్లాసులో ఆపిల్ పండు తింటుంది. వయొలిన్ పెట్టె తాళం విరిగితే తాడు కట్టుకుని తిరుగుతుంది. రెండు కళ్ళజోళ్ళు మెడలో వేలాడేసుకుని ఎప్పుడూ తప్పుదే పెట్టుకుంటుంది. ఈ ఫలితాలన్నీ సాయంత్రం భోజనాల దగ్గర భార్యకు సమర్పించేవారు. ఆవిడ కళ్ళజోళ్ళ దుకాణంలో పనిచేస్తుంది. నెల రోజులు ఓపిగ్గా విన్నాక ఒకరోజు మంచినీళ్ళు పోస్తూ అడిగింది.

“ఆవిడ ఏ జోడు ఎప్పుడు పెట్టుకుంటుందో కూడా చెప్తున్నారే. నా పవరెంతో చెప్పండి చూద్దాం.”

మాస్టారికి తెలియదు. పప్పు ఇంకాస్త వడ్డించుకున్నారు.

పరిశోధన తరవాతి దశ కారిడార్లో సాగింది. చేతిలో ఒక కుర్చీ ఉన్న మనిషి ఎక్కడ నిలబడినా ఎవరూ ఎందుకని అడగరు. మేడమ్ క్లాసున్న రోజున మాస్టారు ఒక కుర్చీ పట్టుకుని ఆమె గది తలుపు పక్కన, దాన్నెక్కడికో చేరవేస్తూ మధ్యలో అలసిపోయినవాడిలా ఆగేవారు. అలా ఆగడం మొదలైన నాలుగో వారం, గదులు ఊడ్చే ఆవిడ చీపురు గోడకానించి ఆయన్ని ఎగాదిగా చూసింది.

“ఆ కుర్చీ ఎక్కడ వెయ్యాలో ఇంకా తేలలేదా సార్?”

తేలలేదన్నారు మాస్టారు.

లోపలినుంచి వినిపించేది ఆయనకు అంతుబట్టేది కాదు. రాగం ఎత్తుకునే మహారాణిని మేడమ్ ఊరుకోమనేది. మిగిలిన ముగ్గురూ, పెళ్ళికూతురు లేని పెళ్ళిలా, కింది స్వరాలు మాత్రమే వాయించేవాళ్ళు. తరవాత మేడమ్ మహారాణిని అడిగేది, “వీళ్ళిలా మాట్లాడుతుంటే నీకేమనాలనిపిస్తోంది?” సెల్లో అబ్బాయి చేత రెండో వయొలిన్ వరస పాడించేది. వాడి గొంతు ఎక్కడికో జారిపోయేది, అందరూ నవ్వేవాళ్ళు. ఆ నవ్వు మాస్టారికి ముల్లులా గుచ్చుకునేది. తొమ్మిదేళ్ళలో తన క్లాసులో, ‘ఇక్కడ విషాదం’ అని రాసిన చోట, ఒక్కరూ నవ్విన పాపాన పోలేదు. అంతకంటే బాధ, నవ్వయ్యాక వాళ్ళు మళ్ళీ ఎత్తుకున్నప్పుడు ఆ విషాదం ఎవరూ రాయకుండానే అక్కడికొచ్చి కూర్చునేది.

ఫారం ఇవ్వడానికి పది రోజులుందనగా వయోలా అమ్మాయికి జ్వరమొచ్చింది. మధ్యాహ్నం మేడమ్ స్వయంగా పదకొండో గది గుమ్మంలోకి వచ్చింది. ఒక గంట ఆ పిల్ల బదులు కూర్చుంటారా అని అడిగింది. శత్రుశిబిరంలోకి ఆహ్వానం. మర్యాదస్థుడు తిరస్కరించాలి. మాస్టారు అప్పటికే వయోలా పెట్టె తెరుస్తున్నారు.

నెమ్మదిగా సాగే రెండో భాగం ఎత్తుకున్నారు. ఆ వయోలా వరస ఆయనకు కంఠతా వచ్చు. తొమ్మిది బృందాలకు నేర్పారు. రెండు వరుసలు వాయించాక మేడమ్ చెయ్యెత్తింది. మహారాణిని ఊరుకోమని, మిగిలిన ముగ్గుర్నీ మళ్ళీ వాయించమంది. వాయించారు. ఆపిల్ పక్కన పెట్టి అడిగింది.

“మాస్టారూ, ఇప్పుడు మీరు ఎవర్ని వింటున్నారు?”

జవాబు ఆయన నాలుక చివరే ఉంది. తొమ్మిదేళ్ళుగా అందరి కాగితాల మీదా రాసిందే. “మొదటి వయొలిన్‌ని,” అన్నారు.

“ఆ అమ్మాయి వాయించట్లేదు కదండీ.”

ఎవరూ నవ్వలేదు. నవ్వితే బాగుండేదనిపించింది మాస్టారికి. మహారాణి తన కమాను వైపు దీక్షగా చూసుకుంటోంది. రెండో వయొలిన్ అబ్బాయి, ఏమీ అననివాడు కాబట్టి వాడికి మౌని అని పేరు, తన కుర్చీ బెత్తెడు ఆయన వైపు జరుపుకున్నాడు.

మళ్ళీ వాయించారు. ఈసారి ఆయనకు చూడ్డానికి మహారాణి లేదు, గుర్తులు లేవు. చేసేదేమీ లేక విన్నారు. ఆ చోట వయోలాకు ఒకటే స్వరం, మూడు వరుసల పొడుగునా అదే. వయోలావాళ్ళ బతుకింతేనని ఆయన చాలాసార్లు జోకు వేసిన స్వరం. తను దాన్ని కదపలేదు, పెంచలేదు, తగ్గించలేదు. కింద సెల్లో ఒక మెట్టు దిగింది. అంతదాకా ఓదారుస్తున్న ఆ స్వరం, ఉన్నపళాన, ఫిర్యాదులా మారిపోయింది. మౌని దాని పక్కగా ఒక చిన్న పలుకు పలికాడు, ఫిర్యాదు క్షమాపణ అయింది. తన చెయ్యి మాత్రం ఒకే చోట, ఒకే తీరున కమాను లాగుతోంది. తన స్వరానికి అర్థం పక్కవాళ్ళ దగ్గర ఉందని యాభై రెండేళ్ళ వయసులో మాస్టారికి తెలిసింది.

“బావుంది కదా,” అంది మేడమ్, ఏ ఒక్కరితోనో కాదు, నలుగురితోనూ. పొగడ్త కాదది. కిటికీలోంచి వాన చూపించినట్టు చూపించింది.

ఇక్కడితో అసూయ కరిగి కన్నీరై ప్రవహించిందని రాస్తే కథకు అందంగా ఉండును. అసూయ అంత తేలిగ్గా ఇల్లు ఖాళీ చెయ్యదు, గది మారుతుందంతే. మేడమ్ మీది కుళ్ళంతా ఆ గంటలో సామానుతో సహా పిల్లల మీదికి మారింది. పద్దెనిమిదేళ్ళకే. ఈ సంగతి వీళ్ళకు పద్దెనిమిదేళ్ళకే తెలిసిపోయింది. పైగా ఆ మౌనిగాడు దాన్ని మామూలు విషయంలా విని, గోరు కొరుక్కుంటున్నాడు.

ఆ సాయంత్రం భోజనాల దగ్గర మేడమ్ ప్రస్తావన రాకపోయేసరికి భార్య కంగారుపడి ఒంట్లో బాగా లేదా అని అడిగింది.

“ఆ పిల్లలు అదృష్టవంతులు,” అన్నారు మాస్టారు, వాళ్ళ మీద కేసు పెట్టబోతున్నట్టు.

“సరిపోయింది. ఇప్పుడు వాళ్ళ మీద పడ్డారా?”

తరవాతి పాఠానికి వయోలా అమ్మాయి కోలుకుని వచ్చింది. మాస్టారు పెన్సిలు చెక్కారు, జేబులో పెట్టుకున్నారు, తీయలేదు. మహారాణిని ఊరుకోమన్నారు. గొంతు సవరించుకుని, మీరు ఎవర్ని వింటున్నారని వయోలా అమ్మాయిని అడిగారు. మహారాణీ మౌనీ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. దొంగసొత్తు సొంతదారు పేరుతో సహా పట్టుబడిందని మాస్టారికి అర్థమైంది. అయినా వెనక్కి ఇవ్వలేదు. ఆ గంటలో సెల్లో అబ్బాయి ఒకసారి నవ్వాడు కూడా.

ఫారం ఇచ్చే శుక్రవారానికి మాస్టారు తన ఓటమి ప్రసంగం సిద్ధం చేసుకున్నారు. అందులో ‘యోగ్యులు’ అన్న మాట మూడుసార్లు, ‘నిండు మనసుతో’ రెండుసార్లు వచ్చాయి. ఆఫీసు కిటికీ దగ్గర గుమాస్తా ఫారం ఇటు తోశాడు. శిక్షకుడు అన్నచోట ఆయన పేరుంది. కింద నాలుగు సంతకాలు.

మూడుసార్లు చదివారు. పిల్లల మీది కుళ్ళు తక్షణం వాత్సల్యంగా మారింది. వాళ్ళు ఆ రోజు చూశారు కదా. తప్పు ఒప్పుకున్న గురువును, నేర్చుకోగలిగిన గురువును చూశారు. పిల్లలు పైకి చెప్పరు గానీ అన్నీ కనిపెడతారు. మేడమ్‌ను తలచుకుని ఆయనకు జాలి కూడా వేసింది. పాపం, ఆమెతో ఎలా మాట్లాడాలి, ప్రసంగంలో ఏ మాటలు అటూ ఇటూ మారిస్తే సరిపోతుంది అని ఆలోచిస్తూ, పిల్లలు ఏమని రాశారని గుమాస్తాను మామూలుగా అడిగినట్టు అడిగారు.

కారణం రాసే గడి వెనకవైపు ఉందన్నాడు గుమాస్తా. మాస్టారు ఫారం తిప్పారు. అది మహారాణి దస్తూరి. వచ్చే ఏడాది నలుగురికీ కలిసొచ్చే ఖాళీ గురువారం రెండు నుంచి మూడు వరకు ఒక్క గంటే. ఆ గంటలో ఏ క్లాసూ లేనిది ఆయనకొక్కరికే.