బాపు నడిపితేనే ఆగే బండి

మా పికప్ బండి బాపు నడిపితేనే ఆగేది. సిరిసిల్లలో మాకు ఎనిమిది సాంచాలుండేవి. ఆ మరమగ్గాల మీద నేసిన బట్ట తాన్లను వారానికి రెండుసార్లు కోరుట్ల, జగిత్యాల దుకాణాలకు బాపే వేసుకుపోయేవాడు. రుద్రంగి దగ్గర గతుకుల్లోకి రాగానే ఇంజను ఠక్కున ఆగిపోయేది. దిగి, బానెట్ ఎత్తి, దించి, మళ్లీ తాళం తిప్పితే ఏమీ ఎరగనట్టు స్టార్టయ్యేది.

కోరుట్ల మెకానిక్ దగ్గరికి మూడుసార్లు తీసుకెళ్లాం. సాంచాల షెడ్డు తాళాలు పరాయి చేతిలో పెట్టకూడదని బాపు నియమం. అందుకని ప్రతిసారీ తాళాల గుత్తిలోంచి బండి తాళంచెవి ఒక్కటే ఊడదీసి ఇచ్చేవాడు. మెకానిక్ డీజిల్ ఫిల్టర్ మార్చాడు. బ్యాటరీ వైర్లు బిగించాడు. కంప్యూటర్ పెట్టి చూశాడు. గతుకుల్లో తనే నడిపి చూశాడు. బండి ఒక్కసారీ ఆగలేదు.

మూడోసారి అతని ముందే అనేశాను.

"బండికేం కాలే బాపు. నీకే కునుకు పడుతంది. యాక్సిలేటర్ మీదికెల్లి కాలు జారుతంది."

"నేను నిద్రపోలే బిడ్డా. దానంతల అదే ఆగుతంది."

"మరి గీయన నడిపితే ఎందుకాగది?"

నాకు కోపమెక్కువ, నేను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు. మెకానిక్ చేతిలోని చెవి నేనే తీసుకున్నాను. తిరుగుదారిలో నేనే నడిపాను. లైసెన్సు ఎప్పుడో తీసిపెట్టుకున్నాను.

ఐదు నెలలు బండి ఒక్కసారీ ఆగలేదు. నా మాటే నెగ్గిందని సంతోషించాను కూడా. బాపు గడప దాటడం తగ్గించాడు. ఒకరోజు పొద్దున షెడ్డు తాళాల గుత్తి తెచ్చి నా ముందు పెట్టాడు.

"ఇగ నువ్వే తెరువు బిడ్డా. నా మీద నాకే నమ్మకం లేదు."

సరేనని బండి చెవిని మళ్లీ ఆ గుత్తికే తగిలించుకున్నాను.

ఆ రోజే రుద్రంగి దగ్గర ఇంజను ఆగింది. నాకు కునుకు పట్టలేదు. నా కాలు యాక్సిలేటర్ మీదే ఉంది. స్టీరింగ్ పట్టుకుని అలాగే కూర్చుండిపోయాను. భయం లేదు, ఏడుపు లేదు. వెనక బస్సువాడు హారన్ కొడుతూనే ఉన్నాడు.

ఎట్లాగో కోరుట్ల చేరాను. మెకానిక్ బండి స్టార్ట్ చేసి గుత్తిని వేలితో ఊపాడు. ఇంజను ఆగింది. మళ్లీ స్టార్ట్ చేసి గుత్తిని అరచేత్తో ఎత్తి పట్టుకున్నాడు. అట్లా పట్టుకుని చెవిని ఎంత కదిలించినా ఆగలేదు.

"గీ గుత్తి నేనెన్నడూ చూడలేదక్కా. షెడ్డు తాళాలు, బీరువా చాబీలు, ఏంది గింత బరువు? గీ బరువుకు లోపల స్విచ్చు అరిగింది. గతుకుల్ల గుత్తి ఊగితే కరెంటు కట్టయితంది. మీ బాపు నాకు ఎప్పుడిచ్చినా ఒక్క చాబీనే ఇచ్చిండు."

గంటలో కొత్త స్విచ్చు వేశాడు.

ఇంటికొచ్చి బాపుకు అంతా చెప్పాను. తప్పు నాదేనని కూడా అన్నాను. చెవి ఇవ్వబోతే తీసుకోలేదు.

"ఐదు నెలలు నువ్వన్నదే నిజమనుకున్న బిడ్డా. గిప్పుడు కాదంటే నా కాలు నమ్ముతదా?"

సిగ్గుతో చచ్చిపోవాల్సిన మాట. నాకేమీ కాలేదు. అన్నం వడ్డించాను, ఇద్దరం తిన్నాం.

తర్వాతి వారం బతిమాలితే బండెక్కాడు, పక్క సీట్లో, షెడ్డు తాళాల గుత్తి ఒళ్లో పెట్టుకుని. రుద్రంగి గతుకులు వచ్చాయి. బండి ఆగలేదు.

"బిడ్డా, గీ కాలు చూడు. కింద అదిమిపెట్టిన. జారుతందా?"

"జారుతలేదు బాపు" అన్నాను, రోడ్డు మీంచి కళ్లు తిప్పకుండానే. జారుతుందని అన్న రోజు కూడా నేను ఆ కాలు చూడలేదు.