ఉమాపతి గారు, ఎండుచేపల చట్టం

ఉమాపతి గారి ఎదుట తీర్మానం లేకుండా ఎవరూ తుమ్మడానికి కూడా వీల్లేదు. ఒకరు ప్రతిపాదించాలి, ఇంకొకరు బలపరచాలి, ఆ పైన అందరూ చేతులెత్తాలి. పంతొమ్మిది వందల ఇరవై రెండు ప్రాంతంలో, టెక్కలికీ నౌపడకీ మధ్యనున్న మా ఊరి యూనియన్ బోర్డులో ఆయన మెంబరు, నేను గుమాస్తాని. బోర్డులో సరే, ఇంట్లోనూ అదే తంతు.

"చారు మళ్ళీ వడ్డించాలని నా ప్రతిపాదన," అనేవారు విస్తరి ముందు కూర్చుని.

"బలపరిచేవాళ్ళు లేరు, గిన్నె ఖాళీ," అనేవారు భార్య సూర్యకాంతం గారు. ప్రతిపాదన వీగిపోయిందని ఒప్పుకుని, బుద్ధిగా మజ్జిగ కలుపుకునేవారు.

ఆయనకి ఎండుచేపల వాసన బొత్తిగా పడదు. సంతరోజున ముక్కుకి ఉత్తరీయం అడ్డం పెట్టుకునే వచ్చేవారు. అందుకే, సంతలో ఎండుచేపలు అమ్మకూడదని చట్టం తెస్తానని ప్రెసిడెంటు వైకుంఠరావు గారు అన్నప్పుడు, మొదటి చెయ్యి ఉమాపతి గారిదే లేస్తుందనుకున్నాం.

లేచింది. కానీ, "ముందు ముసాయిదా ప్రకటించాలి. నెల్లాళ్ళు అభ్యంతరాలు తీసుకోవాలి. తరవాతే ఓటు," అన్నారు.

"ఎండుసేపలకి అభ్యంతరాలేటండీ బాబూ!" ప్రెసిడెంటు విసుక్కున్నారు.

"అమ్మేవాళ్ళకి ఉంటాయి. చేపలవాళ్ళుండే వజ్రపుకొత్తూరులో కూడా దండోరా వేయించండి."

వేయించాం. మర్నాడే అక్కణ్ణుంచి సంతకి ఎండుచేపలు తెచ్చే గంగమ్మ బుట్టతో సహా ఆఫీసుకొచ్చింది. "బాబూ, సంత మానిపిత్తే నా పిల్లలు ఏటి తింతారు?"

"నోటిమాట చెల్లదు, రాసివ్వాలి," అన్నాను. ఆమెకి అక్షరం ముక్క రాదని తెలిసే అన్నాను. తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గే.

గడువు ఆఖరిరోజున నా బల్లమీద పదిహేడు అభ్యంతరాలు పడ్డాయి. అన్నిటి కిందా వేలిముద్రలు, అన్నిటిలోనూ ఒకటే గుండ్రటి రాత. మా మినిట్స్ పుస్తకం నిండా ప్రతిపాదనలూ సవరణలూ రాసే చెయ్యి అది. కాగితాలు మాత్రం గుప్పుమని చేపల కంపు కొడుతున్నాయి.

సమావేశంలో పదిహేడూ నాచేత చదివించారు ఉమాపతి గారు. ఒకామె మొగుడు సముద్రంలో పోయాడు, ఒకామెకి బుట్ట తప్ప ఆధారం లేదు. చదువుతుంటే మెంబర్లు తలలు దించుకున్నారు. ఓటు పెడితే చట్టం కావాలని మూడు చేతులు లేచాయి, వద్దని నాలుగు. ఆ నాలుగో చెయ్యి ముక్కుమీది ఉత్తరీయం వదిలేసి మరీ లేచింది.

వరండాలో గంగమ్మ సంతోషం పట్టలేక ఆయన చేతిలో గుప్పెడు ఎండుచేపలు పెట్టబోయింది. ఆయన మూడడుగులు వెనక్కి గెంతారు.

"వాసనే పడదు కదండీ, మీకెందుకండీ ఇంత తిప్పలు?" అని అడిగాను.

"నాకు పడదు, నిజవే. పడనిదానికల్లా చట్టం చేసుకుపోతే ఊళ్ళో ఎవరు మిగుల్తారోయ్?"