శనగగింజంత మిషిన్

అబ్బాస్‌కు చెవులు పోయి పదకొండేళ్లు. శ్రీరాంపూర్‌లో ఆ సంగతి తన భార్య బిల్కీస్‌కు తప్ప ఎవరికీ తెలియదని అతని ధీమా. ఆమె నోరు దాటి ఇంటి గుట్టు బయటికి పోదు.

అతని కొలువే చెవులతో. బొగ్గుబాయిలో అందరికంటే ముందు దిగి, ఇనుప సలాకతో పైకప్పును తట్టి చూసేవాడు. రాయి గట్టిదైతే ఖంగుమంటుంది, వదులైతే డొల్లగా మోగుతుంది. అబ్బాస్ రమ్మంటే తప్ప వెనక ఉన్నవాళ్లు అడుగు వేయరు. అంతటి చెవులు మందు పేలుళ్ల మోతకు చెడిపోయాయి. చివరి మూడేళ్లు అరచేయి పైకప్పుకు ఆనించి, రాయి అదురును బట్టి చెప్పాడు. ఎవరి మీదా పెచ్చు కూడా రాలలేదు. అయినా రిటైరయ్యాక కూడా ఆ మూడేళ్లు తలుచుకుంటే చెమటలు పట్టేవి. చెవిటోని మాట మీద మమ్మల్ని నడిపిస్తివా అని తోటివాళ్లు నిలదీస్తే ఏ మొహం పెట్టుకుని జవాబు చెప్పాలి?

ఇప్పుడు బిల్కీస్ గొంతులో క్యాన్సర్ పుండు బయటపడింది. వచ్చే సోమవారం ఆపరేషన్, ఆ తర్వాత ఆమెకు మాట ఉండదన్నారు. తన కోసం అరిచి అరిచే ఆ గొంతు పాడైందని అబ్బాస్ కుమిలిపోయాడు. డాక్టరు కాదన్నాడు కానీ అబ్బాస్ నమ్మలేదు. మిగిలిన ఎనిమిది రోజులైనా ఆ గొంతు సరిగ్గా వినాలని, ఆమెను వెంటబెట్టుకుని కరీంనగర్‌లో చెవి మిషిన్లు అమ్మే దుకాణానికి పోయాడు.

దుకాణంలో అలేఖ్య అనే అమ్మాయి పరీక్ష చేసి, చెవి వెనక తగిలించే పెద్ద మిషిన్ పెట్టింది.

"ఇనబడుతుందా? ఇగ నా అరుసుడు బంద్ అన్నట్టే," అంది బిల్కీస్ బొంగురుగా.

ప్రతి అక్షరం వినబడింది. అబ్బాస్ కళ్లు తడిశాయి. అంతలో ఎదుటి అద్దంలో మిషిన్, దాని గొట్టం కనబడ్డాయి. రేపు ఊళ్లో చాయ్ హోటల్లో మల్లన్న దాన్ని చూసి, ఎప్పటినుంచని అడుగుతున్నట్టే అనిపించింది. మల్లన్న అతని వెనకే బాయిలో నడిచిన మనిషి. అబ్బాస్ గబుక్కున మిషిన్ తీసి బల్ల మీద పెట్టాడు.

"బయటికి కానరానిది ఇయ్యి బిడ్డా," అన్నాడు, చెవిలోపల ఇమిడిపోయే శనగగింజంత మిషిన్ చూపిస్తూ.

అలేఖ్య అతని చెవి దగ్గరికి వంగి గట్టిగా చెప్పింది. "చాచా, నీ చెవులకు దాని బలం సాలదు. పెద్దదే పెట్టుకోవాలె."

"అలవాటైతది తియ్యి."

తాను పట్టిన కుందేటికి మూడే కాళ్లు. చిన్నదే కొన్నాడు.

ఇంటికొచ్చాక బిల్కీస్ "ఇనబడుతుందా?" అని అడిగిన ఆ ఒక్క మాట మాత్రం పెదవుల మీద పోల్చుకుని, తల ఊపాడు. ఆ ఊపే కొంప ముంచింది. ఆమె నమ్మింది. పదకొండేళ్ల తర్వాత మొదటిసారి మెల్లగా, మామూలు మనుషులతో మాట్లాడినట్టు మాట్లాడింది. కూర తరుగుతూ, బట్టలు మడతపెడుతూ మాట్లాడుతూనే ఉంది. అబ్బాస్‌కు గుయ్యిమనే రొద తప్ప ఏమీ తెలియలేదు. వినబడలేదంటే ఆ పుండు గొంతుతో మళ్లీ అరుస్తుంది. రేపటికి అలవాటవుతుందిలే అని ప్రతిరోజూ తల ఊపాడు.

శుక్రవారం మధ్యాహ్నం పక్కన కూర్చుని చాలాసేపు ఏదో చెప్పింది. కళ్లు తుడుచుకుని, మాట ఇమ్మని అరచేయి చాపింది. అబ్బాస్ అందులో చేయి వేశాడు.

ఆపరేషన్ అయ్యాక చిన్నది తిరిగిచ్చి పెద్దది తెచ్చుకున్నాడు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే. ఇక దాచి ఏం లాభమని దాన్ని పెట్టుకునే చాయ్ హోటల్‌కు పోయాడు. మల్లన్న చూశాడు.

"ఇప్పటికన్న పెట్టుకున్నవ్. నీకు ఇనబడదని బాయిల అందరికీ ఎర్కే అన్నా. నువ్వు పైకప్పుకు చెయ్యి పెడుతుంటివి. నీ చెయ్యి చూసే మేం నడిచినం."

అబ్బాస్ చాయ్ ముట్టకుండా ఇంటికి వచ్చాడు. బిల్కీస్ గుమ్మంలోనే కూర్చుని ఉంది. ఆపరేషన్‌లో మెడకు పెట్టిన రంధ్రంలోంచి ఆమె ఊపిరి బుసబుసమని వినబడింది. ఆమెకు చదువు రాదు, రాసి చూపలేదు. తన గొంతు చూపించి, అతని చెవి తాకి, శుక్రవారం చాపినట్టే అరచేయి చాపింది. గుర్తుంది కదా అని అడుగుతోంది.

నాకు ఇనబడలే అని చెబుదామని నోరు తెరిచాడు. ఆమె కళ్లలో నిశ్చింత చూసి మళ్లీ మూసుకున్నాడు. ఆ చేతిలో చేయి వేశాడు. దేనికి మాట ఇచ్చాడో చచ్చేదాకా అతనికి తెలియదు.