భీమన్న తూచిన నీళ్లు

నిన్న కృష్ణ ఒడ్డున సోమశిల రేవులో మోటారు పడవ ఎక్కాను. నడిపేవాడు వేగం పెంచేసరికి ఇంజను గొంతు మారింది, డీజిలు పొగ ముక్కుకు కొట్టింది. పడవ మాత్రం పెద్దగా ముందుకు దూకలేదు. నాకు భీమన్న గుర్తొచ్చాడు.

రెండువేల సంవత్సరం దాటిన తొలి ఏళ్లు. వనపర్తిలో ఒక జూనియర్ కాలేజీలో నేను అప్పటికి పదిహేనేళ్లుగా ఫిజిక్సు చెబుతున్నాను. గద్వాల దిక్కు నుంచి భీమన్న కాంట్రాక్టు లెక్చరరుగా వచ్చాడు. కృష్ణలో చేపలు పట్టే ఇంటివాడు, నాకంటే పన్నెండేళ్లు చిన్న. నెల తిరక్కముందే పిల్లలు బెల్లు కొట్టినా అతని గది వదిలేవాళ్లు కాదు. నేను వరండాలో నడుస్తూ ఎంతమంది కూర్చున్నారో లెక్కపెట్టుకునేదాన్ని.

నీటి నిరోధం గురించి నేను బోర్డు మీద చెప్పిన మరునాడు అతను పిల్లల్ని కృష్ణ ఒడ్డుకు తీసుకుపోయాడు. నన్నూ రమ్మన్నాడు. ఖాళీ పడవకు తాడు కట్టి, మధ్యలో స్ప్రింగు త్రాసు పెట్టి, ఒడ్డు వెంట లాగించాడు. మెల్లగా నడిస్తే త్రాసు మూడు కిలోలు చూపింది. రెట్టింపు వేగానికి పదకొండు. వేగం రెట్టింపైతే నిరోధం నాలుగింతలు, పన్నెండు రావాలి కదా అన్నాను, అందరికీ వినపడేలా.

భీమన్న నొచ్చుకోలేదు. "పుస్తకంల పన్నెండే మేడం. గని ఇయ్యాల నీళ్లు పదకొండన్నయి. అదే రాసుకోండ్రి" అన్నాడు.

తాడు లాగి రొప్పుతున్న ఒక అమ్మాయి కాసేపు ఆలోచించింది. "లాగుడు నాలుగింతలకు దగ్గరొచ్చింది, ఉరుకుడు రెండింతలు. అంటే రెండు గుణిస్తే ఎనిమిదింతల జోరున్న మోటారు కావాలె గద సార్?"

పదిహేనేళ్లలో నా క్లాసులో ఎవరూ అలా తమంతట తాము చెప్పలేదు.

మరునాడు ప్రిన్సిపాలుకు కాగితం రాసిచ్చాను, ఆడపిల్లల్ని ఏటికి తీసుకుపోవడం ప్రమాదమని. ఎవరూ పడవ ఎక్కలేదన్న ముక్క రాయలేదు. ఆ ఏడాది చివర అతని కాంట్రాక్టు పొడిగించలేదు.

ఆ కాగితం నాదని అతనికి తెలుసు. అయినా చెప్పిపోవడానికి వచ్చాడు. "మీరు బోర్డు మీద జెప్పినంకనే వాళ్లకు ఏటికాడ తెలిసింది మేడం. ఉత్తగ లాగితే ఏం తెలుస్తది" అన్నాడు. నేను తల ఎత్తకుండా పేపర్లు దిద్దుతూ కూర్చున్నాను.

ఆ తర్వాత ల్యాబులో ఏ పిల్ల రీడింగునూ పుస్తకానికి సరిపోయేలా దిద్దించలేదు. అది అతని దగ్గర నేర్చుకున్నదే. అతను నాగర్‌కర్నూల్లో ట్యూషన్లు చెబుతున్నాడనీ, పిల్లలు వాకిలి దాకా కూర్చుంటారనీ ఎవరైనా అంటే ఇప్పటికీ ముందు మంటే పుడుతుంది. క్షమించమనే మాట ఆ తర్వాత వస్తుంది. అది ఇంకా నా గొంతు దాటలేదు.