అత్తమ్మ ఫోనెత్తితే

మా మేనత్త పోయిన వారం నిద్రలోనే కన్నుమూసింది. ఎస్.ఆర్. నగర్‌లో ఆమె నడిపిన ఆడపిల్లల హాస్టల్‌లో ఉండి వెళ్లినవాళ్లు ఎక్కడెక్కడి నుంచో ఫోన్లు చేస్తున్నారు. అందరికీ ముందు గుర్తొచ్చేది ఆమె మాటే: "నాకు చెవుడు, నీకు తొందర. జర ఇద్దరం మెల్లగ మాట్లాడుకుందాం."

చదువుకునే రోజుల్లో నేను ఆమె దగ్గరే ఉండేదాన్ని. యాభై దాటాక ఆమెకు వినికిడి తగ్గింది. ఇక ఫోన్లు కొడుకు చూసుకుంటాడని ఇంట్లో తేల్చేశారు. అత్తమ్మ ఒప్పుకోలేదు. "నన్ను నమ్మి ఆడపిల్లల్ని తోలిన్రు. ఫోన్ల నేనే మాట్లాడాలె" అన్నది.

పంజాగుట్టలో చెవి మిషన్లు పెట్టించుకున్నది. మొదట్లో ఫోను చెవికి ఆనించగానే మిషను కీచుమనేది, మాట వినిపించేది కాదు. దాని మైకు చెవి వెనక ఉంటుందని, ఫోను కాస్త పైకి, ఆనీ ఆనకుండా పట్టుకోవాలని మిషను పెట్టినాయన చూపించాడు. ఆ చోటు కుదిరేదాకా నన్ను డాబా మీదికి పంపి ఫోను చేయించేది. నేను కూరగాయల పేర్లు చెప్పాలి, ఆమె తిరిగి చెప్పాలి. బీరకాయంటే సొరకాయని, తనే పకపకా నవ్వి, "మల్లొక్కసారి" అనేది. ఆమె సిగ్గుపడగా నేను చూడలేదు.

ఒక వానాకాలం సాయంత్రం హాస్టల్ అమ్మాయి ఫోన్ చేసింది. బండ్ల హోరు, వాన, ఏడుపు పక్కనున్న నాకూ వినిపిస్తున్నాయి. మాట తెలియడం లేదు. నాకిమ్మని చెయ్యి చాపాను. అత్తమ్మ తల అడ్డంగా ఊపింది.

"బిడ్డా, నేనడుగుత. ఊ అను, లేకుంటే కాదను. దెబ్బ తాకిందా? పంజాగుట్ట కాడనా? ఎర్రమంజిల్ మెట్రో కాడనా? మెట్ల కిందనే ఉన్నవా? కదలకు, వస్తున్న."

ఆటోలో వెళ్లేసరికి ఆ పిల్ల మెట్ల కిందే కూర్చుని ఉంది. తడిమెట్ల మీద జారి కాలు విరిగింది. ఆసుపత్రిలో కట్టు కట్టించాక, వాళ్లమ్మకు చెప్పాలంటే భయపడింది. అత్తమ్మే వసారాలోకి వచ్చి ఫోన్ కలిపింది.

"చెల్లె, నీ బిడ్డ నా కాడనే ఉన్నది. కాలు విరిగింది, కట్టు కట్టిన్రు. ఫికర్ చెయ్యకు." అవతల ఆ తల్లి ఏడుపు అందుకున్నట్టుంది. "ఏడ్వు చెల్లె, ఏం గాదు. నేను వింటున్న."

చుట్టూ గట్టిగా మాట్లాడుకుంటున్నవాళ్లు ఒక్కొక్కరే గొంతు తగ్గించారు. ఆమె ఎవరని ఎవరైనా అడిగితే బాగుండు, మా మేనత్త అని చెప్పుకుందును అనిపించింది. తడిసిన కొంగు ఇంకా ఆరలేదు. కళ్లు మూసుకుని, ఆ తల్లి ఏడుపు తీరేదాకా వింటూ అలాగే నిలబడింది అత్తమ్మ.